పాతబస్తీ కట్టడాలను ఫోను సాయంతో చదవడం ఎలా?

“చార్మినార్ చూశాం, గోల్కొండ చూశాం, ఇక హైదరాబాదులో పాత కట్టడాలు చూడాలంటే ఏ యాప్ వేసుకోవాలి?” అన్న ప్రశ్న నాకు తరచుగా ఎదురవుతుంది. అన్నీ చూపించే యాప్ ఒక్కటీ లేదు. అయితే ఎవరైనా ఉచితంగా వాడుకోదగిన ఓపెన్ డేటా రెండు మూడు చోట్ల ఉంది. దానిని ఒకచోట చేర్చి ఫోనులో వేసుకుంటే, ఏ గైడూ ఆగని గుమ్మాల ముందు మీరు ఆగగలుగుతారు. ఈ పద్ధతిని చార్మినార్ నుంచి ఉస్మానియా ఆసుపత్రి దాకా సాగే ఒక నడకను ఉదాహరణగా తీసుకుని వివరిస్తున్నాను. రాజమహేంద్రవరం, భీమిలి, బందరు వంటి ఊళ్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ఆండ్రాయిడ్ ఫోను గానీ ఐఫోను గానీ, దానితోపాటు పవర్‌బ్యాంకు. జీపీఎస్, కెమెరా కలిసి నడిస్తే బ్యాటరీ మధ్యాహ్నం దాకా నిలవదు.
- ఆర్గానిక్ మ్యాప్స్ లేదా ఓస్మ్‌యాండ్. రెండూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (ఎవరైనా సరిదిద్దగల ఉచిత ప్రపంచ మ్యాపు) డేటా మీద, ఇంటర్నెట్ లేకుండా నడుస్తాయి. కొత్తవారికి మొదటిది సులువు.
- వికీమీడియా కామన్స్ (అందరూ వాడుకోదగిన ఉచిత ఫొటోల భాండాగారం) యాప్. ఇది ఆండ్రాయిడ్‌లోనే ఉంది. ఐఫోను ఉన్నవారు బ్రౌజరులో కామన్స్ సైటును వాడుకోవచ్చు.
- మ్యాపును సరిదిద్దడానికి ఎవ్రీ డోర్. ఆండ్రాయిడ్ ఉన్నవారు దీనికి బదులుగా స్ట్రీట్‌కంప్లీట్ వాడవచ్చు.
- ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒక ఖాతా, వికీమీడియాలో మరొక ఖాతా. రెండూ ఉచితం.
- మొదటి మూడు మెట్లకు కంప్యూటరు.
- చిన్న నోటుపుస్తకం, టార్చిలైటు. టార్చి దేనికో ఆరో మెట్టులో తెలుస్తుంది.

1. చిన్న ప్రాంతాన్ని ఎంచుకోండి

“హైదరాబాదు మొత్తం” అని మొదలుపెట్టినవారు సాధారణంగా జాబితా దగ్గరే ఆగిపోతారు. ఒక ఉదయానికి కిలోమీటరున్నర దారి చాలు. మన ఉదాహరణలో దారి ఇది: చార్మినార్, గుల్జార్ హౌజ్ (పాత నీటి ఫౌంటెన్), దాని చుట్టూ ఉన్న చార్ కమాన్ (నాలుగు తోరణద్వారాలు), పత్థర్‌గట్టి, బాద్‌షాహీ ఆషుర్‌ఖానా (మొహర్రం సంతాప మందిరం), నయాపూల్, మూసీకి దక్షిణపు ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ, ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. ఇందులో 1591 నాటి చార్మినార్ నుంచి, 1908 సెప్టెంబరు మూసీ వరద తరువాత ఆంగ్ల వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన నదీతీరపు భవనాల దాకా మూడు శతాబ్దాలకు పైగా చరిత్ర కనిపిస్తుంది.

2. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి జాబితా తీయండి

కంప్యూటరు బ్రౌజరులో ఓవర్‌పాస్ టర్బో అనే పేజీని తెరవండి. మ్యాపును చార్మినార్ దగ్గరకు జరిపి, పైన చెప్పిన దారి మొత్తం తెర మీద పట్టేలా పెట్టుకోండి. తరువాత విజార్డ్ అనే మీట నొక్కి, వచ్చిన పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో హిస్టారిక్ అని రాసి, సమాన గుర్తు, దాని పక్కన నక్షత్రపు గుర్తు పెట్టి నడపండి. తెర మీద కనిపించే ప్రాంతంలో ఆ ట్యాగు (మ్యాపులో ఒకటి ఏ రకమో చెప్పే ముద్ర) ఉన్నవన్నీ వస్తాయి.

ఇక్కడ ఎక్కువమంది మూడు పొరపాట్లు చేస్తారు.

మొదటిది, పెట్టెలో ఊరి పేరు కూడా రాయడం. సింధులోనూ ఒక హైదరాబాదు ఉంది కాబట్టి, ఊరి పేరుతో వెతికితే ఫలితాలు అక్కడివి వచ్చే ప్రమాదం ఉంది. ఊరి పేరు రాయకుండా, తెర మీది ప్రాంతానికే పరిమితం కావడం మేలు.

రెండవది, హిస్టారిక్ ట్యాగు ఒక్కదానినే నమ్మడం. న్యాయస్థానాన్ని న్యాయస్థానంగా, ఆసుపత్రిని ఆసుపత్రిగా, మసీదును ప్రార్థనాస్థలంగా గుర్తించి వదిలేసే అలవాటు మ్యాపు గీసేవారిలో ఉంది. అలాంటి కట్టడం ఎంత పాతదైనా ఈ జాబితాలోకి రాదు. అందుకే అదే పెట్టెలో వికీడేటా (వికీపీడియాకు తోడుగా ఉన్న ఓపెన్ డేటాబేసు) ట్యాగుతో ఒకసారి, స్టార్ట్ డేట్ ట్యాగుతో మరొకసారి వెతకండి. ఈ రెండో ట్యాగు పేరులోని రెండు మాటల మధ్య అండర్‌స్కోర్ ఉంటుందని మరవకండి.

మూడవది కాస్త సాంకేతికమైనది. మ్యాపులో పెద్ద కట్టడాలను చుక్కలుగా కాక, గోడల వెంట గీసిన ఆకారాలుగా ఉంచుతారు. వాటిని ఉన్నదున్నట్టుగా ఫైలు చేసి ఫోనులో వేసుకుంటే గుర్తులకు బదులు గీతలు వస్తాయి. తెర ఎడమవైపు కనిపించే క్వెరీ (వెతుకులాట ఆదేశం) చివరి వరుసలో అవుట్ అనే మాట పక్కనున్న జియామ్ అనే మాటను తీసివేసి, ఆ చోట ఇంగ్లీషులో సెంటర్ అని రాసి మళ్లీ నడపండి. అప్పుడు ప్రతి కట్టడానికి నడిమధ్యన ఒక చుక్క వస్తుంది. ఆ తరువాత ఎక్స్‌పోర్ట్ నొక్కి, జీపీఎక్స్ ఫైలుగా (గుర్తుల చోట్లు ఉండే ఫైలు) దాచుకోండి.

3. వికీడేటాతో సరిపోల్చండి

వికీడేటా క్వెరీ బిల్డర్‌లో ప్రోగ్రామింగ్ రాకపోయినా వెతకవచ్చు. వారసత్వ హోదాను చెప్పే గుణం సంఖ్య పి1435, కట్టడం ఏ పరిపాలనా ప్రాంతంలో ఉందో చెప్పేది పి131. రెండవదానికి హైదరాబాదు నగరాన్ని ఇచ్చి ఒకసారి, హైదరాబాదు జిల్లాను ఇచ్చి మరొకసారి వెతకండి. ఒక్కొక్కరు ఒక్కో రకంగా నమోదు చేస్తారు కాబట్టి, ఒకదానితో ఆగితే కొన్ని తప్పిపోతాయి.

ఫలితాలను సీఎస్వీ ఫైలుగా (సాదా పట్టిక) తీసుకుని ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తెలుగు పేర్లన్నీ అర్థంలేని గుర్తులుగా మారిపోవచ్చు. ఫైలు పాడైపోలేదు. ఎక్సెల్ డేటా మెనూలోంచి ఆ ఫైలును దిగుమతి చేస్తూ, అక్షరాల రకం అడిగినచోట యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిపోతుంది. లిబ్రేఆఫీస్ అయితే తెరిచేటప్పుడే ఆ సంగతి అడుగుతుంది.

ఇప్పుడు రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి, ఒకదానిలో ఉండి రెండవదానిలో లేనివాటి కింద గీత గీయండి. మీ నడకలో ఎక్కువ సమయం దక్కవలసినవి ఆ గీత పడినవే. హోదాలు కూడా ఇక్కడే చూసుకోండి. చార్మినార్, గోల్కొండ కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. కుతుబ్‌షాహీ సమాధులు రాష్ట్ర శాఖ రక్షణలో ఉన్నాయి. ఈ మూడూ 2010 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉన్నాయి గానీ ప్రపంచ వారసత్వ స్థలాలు కావు. తెలంగాణలో ఆ గుర్తింపు పొందినది 2021లో రామప్ప దేవాలయం. చార్మినార్‌ను ప్రపంచ వారసత్వ కట్టడమని రాసిన పేజీలు కనిపిస్తే వాటిని నమ్మకండి.

4. ఫోనులోకి ఎక్కించి, ఇంట్లోనే ఒకసారి చూడండి

ఆర్గానిక్ మ్యాప్స్‌లో తెలంగాణ మ్యాపును దించుకున్న తరువాత, జీపీఎక్స్ ఫైలును మీకు మీరే మెయిలు చేసుకుని ఫోనులో తెరవండి. గుర్తులు వచ్చాయో లేదో ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి చూడండి.

మీరు చేతితో చేర్చిన గుర్తులు ఏవైనా ఉంటే, అక్షాంశం ముందు, రేఖాంశం తరువాత ఉన్నాయేమో సరిచూడండి. చార్మినార్ అక్షాంశం సుమారు 17.36, రేఖాంశం సుమారు 78.47. ఈ రెండూ తారుమారైతే మీ చార్మినార్ ఉత్తర ధ్రువానికి దగ్గరలోని స్వాల్‌బార్డ్ దీవులలో తేలుతుంది. మ్యాపును బాగా చిన్నది చేసి ఒక్కసారి చూస్తే, దారితప్పిన గుర్తు ఏదైనా ఉంటే వెంటనే కంటపడుతుంది.

5. నడవండి, చుక్కను కాదు, ఎదుట ఉన్నదానిని నమ్మండి

ఉదయం ఏడు గంటలకు ముందే గుల్జార్ హౌజ్ దగ్గర ఉండండి. దుకాణాలు తెరవకముందు కమాన్‌ల గచ్చుపని కనిపిస్తుంది. పది దాటితే బండ్లు, బోర్డులు, ఫ్లెక్సీలు దానిని కప్పేస్తాయి.

చార్ కమాన్ దగ్గర ఫోనును గుడ్డిగా నమ్మితే తప్పకుండా పొరపడతారు. బయలు ప్రదేశంలో ఫోను జీపీఎస్ సుమారు అయిదు మీటర్ల తేడాతో పనిచేస్తుంది గానీ, ఎత్తైన గోడల మధ్య ఆ తేడా బాగా పెరుగుతుంది. నాలుగు కమాన్‌లూ చూపునకు ఒకేలా ఉంటాయి కూడా. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఫోనులోని నీలి చుక్కను నమ్మి, మచిలీ కమాన్ ఫొటోలకు కాలీ కమాన్ అని పేరు పెట్టాను. ఇంటికి వచ్చి నీడలు ఏ వైపు పడ్డాయో చూసుకున్న తరువాత గానీ తప్పు తెలియలేదు. కాబట్టి ఇలా చేయండి. గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి, చార్మినార్ కనిపించే వైపు ముఖం పెట్టండి. అది దక్షిణం. ఆ వైపున మీకు ఎదురుగా ఉన్నది చార్మినార్ కమాన్, వెనుక ఉత్తరాన ఉన్నది మచిలీ కమాన్, ఎడమచేతి వైపు తూర్పున ఉన్నది కాలీ కమాన్, కుడిచేతి వైపు పడమరన ఉన్నది షేర్-ఏ-బాతిల్ కీ కమాన్. ఒకప్పుడు రాజప్రాసాదానికి దారి ఆ పడమటి కమాన్ గుండానే ఉండేది.

ఈ చివరి పేరును గమనించండి. కొందరు షేర్-ఏ-బాతిల్ అని, కొందరు సెహర్-ఏ-బాతిల్ అని రాస్తారు. సెహర్ అంటే మంత్రవిద్య అని అర్థం. వేర్వేరు పేర్లు చూసి ఇవి రెండు కట్టడాలనుకుని మ్యాపులో రెండు గుర్తులు పెట్టేవారున్నారు. పేరులో తేడా కనిపించినప్పుడు కొత్త గుర్తు పెట్టకుండా, ఉన్న గుర్తుకే మరో పేరుగా చేర్చాలి. అక్కడి దుకాణదారులు ఏ పేరుతో పిలుస్తున్నారో అడిగి నోటుపుస్తకంలో రాసుకోండి. తరాలుగా అక్కడే వ్యాపారం చేస్తున్నవారికి, ఏ డేటాబేసులోనూ లేని పేర్లు తెలిసి ఉంటాయి.

బాద్‌షాహీ ఆషుర్‌ఖానా, మసీదులు, దర్గాలు ఈనాటికీ ప్రార్థనలు జరిగే చోట్లు. చెప్పులు విడిచి, అక్కడ ఉన్నవారిని అడిగి లోపలికి వెళ్లండి. మొహర్రం రోజుల్లోనూ శుక్రవారం మధ్యాహ్నాల్లోనూ నడక పెట్టుకోకండి. హైకోర్టు ఆవరణలో ఫొటోలకు ప్రయత్నించవద్దు. దాని గుమ్మటాలను నయాపూల్ మీద నుంచే చక్కగా చూడవచ్చు. ఆ వంతెన మీదే నిలబడి అవతలి ఒడ్డుకు తిరిగితే ఉస్మానియా ఆసుపత్రి కనిపిస్తుంది.

6. శిలాఫలకం చదవండి

ఈ మెట్టును దాటవేయవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను, ఎందుకంటే డేటాలో లేనిది మీరు చేర్చగలిగేది ఇక్కడే. పాత దేవిడీల (ప్రభువుల భవంతుల) గుమ్మాల మీద, కమాన్‌ల మీద, దుకాణాల వరుసల నెత్తిన సంవత్సరం చెక్కిన చిన్న ఫలకాలు ఉంటాయి. సున్నం మీద సున్నం వేయడం వల్ల అంకెలు పూడిపోయి ఉంటాయి. ఫ్లాష్ వేసి తీస్తే ఫలకం అంతా తెల్లగా వస్తుంది, అంకెలు కనిపించవు. టార్చిని ఫలకానికి ఎదురుగా కాక, గోడకు ఆనించినంత దగ్గరగా పక్క నుంచి వేయండి. గీతల గుంటల్లో నీడ పడి అంకె లేచి కనిపిస్తుంది. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, మొత్తం మూడు ఫొటోలు తీయండి.

ఉర్దూ రాత కుడి నుంచి ఎడమకు నడిచినా, అంకెలను మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. అందులో రెండు, మూడు అంకెలకు తేడా తలమీది పంటివంటి ఒక్క గీత మాత్రమే కాబట్టి, అరిగిన రాతిలో ఈ రెండింటి విషయంలో జాగ్రత్త వహించండి.

సంవత్సరం దొరికిన తరువాత, అది ఏ లెక్కలోదో తేల్చాలి. నిజాం కాలపు కట్టడాల మీద హిజ్రీ (ఇస్లామీ చాంద్రమాన లెక్క) ఉండవచ్చు, ఫసలీ (పంటలు, శిస్తుల కోసం వాడిన లెక్క) ఉండవచ్చు. హిజ్రీ అయితే అంకె పక్కన ఉర్దూ ‘హే’ అక్షరం, ఫసలీ అయితే ‘ఫే’ అక్షరం సాధారణంగా చెక్కి ఉంటాయి. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తుశకం ఒక ఏడాది అటూఇటుగా వస్తుంది. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడాది మొదలైన సంవత్సరం, 591 కలిపితే అది ముగిసిన సంవత్సరం వస్తాయి.

పాతబస్తీలో ఒక పాత ఇంటి గుమ్మం మీద నేను 1324 అని చదివాను. హిజ్రీ అనుకుంటే అది 1906. ఫసలీ అనుకుంటే 1914-15. ఆ రెండింటి నడుమ 1908 వరద ఉంది. అంటే ఆ ఇల్లు వరదను తట్టుకుని నిలిచిందా, వరద తరువాత కట్టారా అన్నది ఆ అంకె పక్కనున్న ఒక్క అక్షరం మీద ఆధారపడి ఉంది. ఫొటోలో అది మచ్చలా కనిపించింది. రెండోసారి టార్చితో వెళ్లి పక్క వెలుతురులో చూస్తే చుక్క ఉన్న ‘ఫే’ స్పష్టంగా తేలింది. అక్షరం కనిపించకపోతే మాత్రం సంవత్సరాన్ని డేటాలో చేర్చకండి. ఫలకం ఫొటోను మాత్రం ఉంచండి. చదవగలవారు మరొకరు చూస్తారు.

7. ఫొటోలు తీయండి

కెమెరా సెట్టింగులలో లొకేషన్ ఆన్ చేసి ఉంచండి. కామన్స్ యాప్‌లోని నియర్‌బై మ్యాపు, దగ్గరలో ఏ కట్టడానికి ఇంకా ఫొటో లేదో చూపిస్తుంది. ముందుగా వాటినే తీయండి. ముఖద్వారం మొత్తం ఒకటి, పక్క నుంచి ఒకటి, వివరాలు రెండు మూడు చాలు.

వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపించుకున్నదానిని ఎప్పుడూ అప్‌లోడ్ చేయకండి. అలా పంపినప్పుడు ఫొటో చిన్నదైపోతుంది, అందులోని లొకేషన్ తొలగిపోతుంది. కెమెరాలోని అసలు ఫైలునే వాడండి.

భారత కాపీరైట్ చట్టం, 1957లోని 52వ సెక్షను ప్రకారం భవనాలనూ, బహిరంగ ప్రదేశాల్లో శాశ్వతంగా నిలిపిన శిల్పాలనూ ఫొటో తీసి ప్రచురించవచ్చు. గోడల మీది కొత్త బొమ్మలకు ఆ వెసులుబాటు వర్తించదు కాబట్టి వాటిని కామన్స్‌లో పెట్టకండి. ఇళ్లలో నివసించేవారి ముఖాలు, పేరుపలకలు, ఫోను నంబర్లు ఫ్రేములో పడకుండా చూడండి.

8. తెలుసుకున్నదానిని డేటాలో చేర్చండి

ఎవ్రీ డోర్‌లో గానీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సైటులో గానీ కట్టడాన్ని ఎంచుకుని, తెలుగు పేరు, ఉర్దూ పేరు, మరో పేరు, సంవత్సరం చేర్చండి. తెలుగు పేరు గడి ఖాళీగా ఉన్న కట్టడాలు మన ఊళ్లలో ఇంకా చాలా ఉన్నాయి. ఒక్క సాయంత్రంలో పాతిక నింపవచ్చు. ఇంగ్లీషు స్పెల్లింగును చూసి తెలుగులోకి దించకుండా, అక్కడివారు పలికినట్టు రాయండి.

సంవత్సరం దగ్గర ఒక చిక్కు ఉంది. స్టార్ట్ డేట్ అన్న పేరు చూసి, పని మొదలుపెట్టిన ఏడాది అనుకుంటారు. ఆ గడిలో రాయవలసినది కట్టడం పూర్తయి వాడుకలోకి వచ్చిన కాలం. మక్కా మసీదు పని 1617లో మొదలై, ఔరంగజేబు కాలంలో 1694లో పూర్తయింది. ఈ తేడా పట్టించుకోకపోతే 77 ఏళ్ల తప్పు వస్తుంది.

గూగుల్ మ్యాప్స్‌లో చూసిన పేరును గానీ గుర్తు పెట్టి ఉన్న చోటును గానీ ఇందులోకి ఎక్కించకండి. ఆ డేటా ఓపెన్ లైసెన్సులో లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేరేది మీరు కళ్లారా చూసినదో, లైసెన్సు ఒప్పుకునే మూలం నుంచి తీసుకున్నదో అయి ఉండాలి. ఎడిట్ చేయడానికి చేయి రాకపోతే, సైటులో ఆ చోట ఒక నోటు పెట్టండి; దానికి ఖాతా కూడా అవసరం లేదు.

కట్టడం వాడుక మారితే పాత వివరం తీసివేసే ముందు ఆలోచించండి. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి 2020 జూలైలో నీరు చేరిన తరువాత దానిని ఖాళీ చేశారు. అటువంటిచోట ఆసుపత్రి అనే సంస్థ ఒకటి, పాత భవనం మరొకటి. రెండింటినీ ఒకే గుర్తులో కలిపి ఉంచితే, సంస్థ తరలిన రోజున ఎవరో ఆ గుర్తును తొలగిస్తారు. దానితోపాటు భవనం చరిత్ర కూడా మ్యాపు నుంచి పోతుంది. భవనపు వివరాలను భవనం ఆకారానికే రాయండి.

9. ఫలితం సరిచూసుకోండి

ఎడిట్ చేసిన కొద్ది నిమిషాలకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సైటులో ఆ కట్టడం మీద నొక్కి చూడండి. కొత్త వివరాలు కనిపించాలి. ఆర్గానిక్ మ్యాప్స్‌లో అవి వెంటనే రావు. ఆ యాప్ తదుపరి మ్యాపు విడుదలై, మీరు దానిని దించుకున్న తరువాతే వస్తాయి. ఇది తెలియక అదే వివరాన్ని రెండుమూడుసార్లు చేర్చినవారిని చూశాను.

తరువాత ఓవర్‌పాస్ టర్బోలో రెండో మెట్టులోని వెతుకులాటనే మళ్లీ నడిపి, మొదటి ఫైలుతో పోల్చండి. గుర్తుల సంఖ్య అనుకున్నదానికంటే ఎక్కువ పెరిగితే ఎక్కడో జంటగుర్తు పడినట్టే. తగ్గితే మీరు పొరపాటున ఒక ట్యాగును చెరిపినట్టే. చివరగా, మీరు చేర్చిన సంవత్సరాలలో ఏవైనా రెండింటిని ఫలకం ఫొటో ముందు పెట్టుకుని మళ్లీ లెక్క కట్టండి.

కొన్ని రోజుల తరువాత మీ మెయిలుకు ఎవరైనా మ్యాపరు మీ మార్పు మీద ప్రశ్న పంపవచ్చు. దానికి తప్పకుండా సమాధానం ఇవ్వండి, ఫలకం ఫొటో లంకెను జతచేయండి. సమాధానం రాని మార్పులను వెనక్కి తిప్పేయవచ్చు. అందుకే నోటుపుస్తకంలో ప్రతి కట్టడం పక్కన తేదీ, ఫొటో నంబరు, పేరు చెప్పింది దుకాణదారా లేక ఫలకమా అన్నది నడక రోజునే రాసుకుని ఉంచండి.